డ్యూటీ కుక్కకు ఇన్‌చార్జి

దోహాలో నేను పనిచేసే హోటల్లో నా ఉద్యోగం పేరు బెల్ బాయ్. నలభై దాటినా, తల సగం నెరిసినా, ఈ ఉద్యోగంలో ఉన్నంతకాలం నేను బాయ్‌నే. అతిథుల పెట్టెలు కారులోంచి దించి గదికి చేర్చాలి, వాళ్లు వెళ్లేటప్పుడు గదిలోంచి మళ్లీ కారుకి చేర్చాలి. పదకొండేళ్ల అనుభవం మీద పెట్టెను చూసి మనిషి ఎలాంటివాడో చెప్పగలను. ఆ మే నెలలో వచ్చిన అతిథి దగ్గర మాత్రం నా విద్య పనిచేయలేదు. ఆమె కంటే ముందే, ఆమె కుక్క గురించి ఈమెయిల్ వచ్చేసింది.

ఆమె విదేశంలో సంగీతం టీచరుగా చేసి రిటైరయ్యారు. చూపు లేదు. కూతురి కుటుంబం దోహాలోనే ఐన్ ఖాలిద్‌లో ఒక కాంపౌండ్‌లో, అంటే గేటూ కాపలా ఉన్న ఇళ్ల సముదాయంలో ఉంటోంది. కూతురికి నెలలు నిండుతున్నాయని చూడటానికి వస్తానంటే, మీరు రావచ్చు, మీ కుక్క రాకూడదన్నారట కాంపౌండ్ వాళ్లు. అది పెంపుడు కుక్క కాదు, నాకు దారి చూపించే కుక్క అని ఆమె రాస్తే, మా కాంపౌండ్‌లో దారులన్నీ తిన్నగానే ఉంటాయి కాబట్టి అవసరం పడదు అని జవాబిచ్చారట. అందుకని మా హోటల్లో అయిదు రోజులకు గది తీసుకున్నారు. మా మేనేజర్ ఆ ఈమెయిల్ ప్రింటు తీసి మీటింగ్ పెట్టారు.

మీటింగ్‌లో గంటసేపు నడిచిన చర్చ ఒక్కటే. కుక్క ఏ లెక్కలోకి వస్తుంది? అతిథి అయితే ఐడీ ఉండాలి అంది సెక్యూరిటీ. సామాను అయితే స్కానర్‌లో పెట్టాలి, ప్రాణమున్నదాన్ని ఎలా పెడతాం అని వాళ్లే మళ్లీ సందేహపడ్డారు. పరికరం అనుకుందాం అన్నారు రిసెప్షన్ వాళ్లు. పరికరం తింటుందా అని అడిగాడు వంటగది పెద్ద. చివరికి ఎవరూ తేల్చలేక, దానికొక ఇన్‌చార్జిని వేస్తే సరిపోతుందని నిర్ణయించారు. మేనేజర్ నా వైపు చూశారు.

"నువ్వు పల్లెటూరి నుంచి వచ్చావు కదా. నీకు కుక్కల గురించి తెలిసే ఉంటుంది."

మా కోరుట్ల వైపు కుక్కలతో నాకున్న పరిచయం, నేను సైకిల్ మీద, అవి నా వెనకాల. ఆ సంగతి చెప్పకుండా తలూపాను.

మీటింగ్ అయ్యాక నాకొచ్చిన భయం ఇంకొకటి. హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్ హైదరాబాద్ పాతబస్తీ మనిషి, ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఉన్నారు. అయిదు పూటలా నమాజు తప్పరు. మేమంతా చాచా అంటాం. కుక్క ఉన్న గదిలో పని ఆయన మనుషులకే పడింది. ఇబ్బందేమోనని అడిగాను.

"అరె తమ్మీ, పనిజేసే కుక్క అది. గొర్లకాడ కాపలా ఉండే కుక్క లెక్కనే. నోటి తడి బట్టకు తగిల్తే కడుక్కుంట, గంతే. నాకు కుక్కతోని పరేషాన్ లేదు, ఆ మీటింగ్‌ల కూసున్నోళ్లతోనే పరేషాన్" అన్నారు చాచా.

ఆ సాయంత్రం మా అవ్వకు ఫోన్ చేశాను. కొత్త డ్యూటీ ఏమిటని అడిగితే, కుక్కను చూసుకునే డ్యూటీ అని చెప్పాను.

"దుబాయ్ పోయి పదకొండేండ్లాయె బిడ్డా. కుక్కను సూసుకునే పని ఈడ దొరకకపోవునా?"

"దుబాయ్ కాదే, ఖతర్."

"ఏదైతేంది, కుక్క కుక్కనే గదా."

మర్నాడు గది సిద్ధం చేశాం. జనరల్ మేనేజర్ సంతకంతో బంగారు రంగు అక్షరాల స్వాగతపత్రం బల్ల మీద నిలబెట్టారు. చూపులేని ఆమె దాన్ని ఎలా చదువుకుంటారని ఎవరూ అనుకోలేదు. కుక్క కోసం వంటగదివాళ్లు బొమిక ఆకారంలో చాక్లెట్ కేకు చేసి పంపారు. కుక్కల గురించి నేను ఫోన్‌లో చదివి తెలుసుకున్నది ఒక్కటే, చాక్లెట్ వాటికి విషమని. చాచాకు చెప్పాను. "మనకైతే విషం కాదు గదా" అని ఆయన కేకును రెండు ముక్కలు చేశారు. నిలబడే తినేశాం. బాగుంది.

ఆమె మధ్యాహ్నం దిగారు. అరవై దాటిన సన్నటి మనిషి, పొట్టిగా కత్తిరించిన తెల్ల జుట్టు. పక్కన నల్లటి లాబ్రడార్ కుక్క. దాని వీపుకు పట్టీలు, వాటికి నిటారుగా ఒక పిడి, ఆ పిడి మీద ఆమె ఎడమ చెయ్యి. నాలుగు కాళ్లకూ నాలుగు చిన్న బూట్లు. మే నెల దోహాలో నేల పెనంలా కాలుతుంది కదా, అందుకని. దాన్ని చూడగానే తలుపు దగ్గరున్న మేమంతా వరసగా నిలబడిపోయాం. మంత్రులొచ్చినప్పుడు కూడా అంత చక్కగా నిలబడలేదు.

"దీని పేరేంటి మేడమ్?" అని ఇంగ్లీషులో అడిగాను.

"చెప్పను" అన్నారు ఆమె నవ్వుతూ. "చెబితే అందరూ పిలుస్తారు. పిలిస్తే దాని ధ్యాస చెదురుతుంది. నేను దేనికో గుద్దుకుంటాను. ఈ పిడి ఉన్నంతసేపు అది డ్యూటీలో ఉన్నట్టు. పలకరించకూడదు, తాకకూడదు, తినడానికి పెట్టకూడదు."

పేరున్న బ్యాడ్జీ లేకుండా డ్యూటీ చేస్తున్న ప్రాణి మా హోటల్లో అదొక్కటే. మా అందరి ఛాతీ మీదా పేర్లుంటాయి, పిలిచేవాళ్లు మాత్రం తక్కువ.

తొలి రెండు రోజులు ఆ కుక్క నన్ను సిగ్గుపడేలా చేసింది. రెస్టారెంట్‌లో బల్ల కింద పడుకుంటే, పక్క బల్లవాళ్లు లేచి వెళ్లేటప్పుడు గానీ అక్కడ కుక్క ఉందని గమనించేవాళ్లు కాదు. లిఫ్ట్ ముందు బటన్ల గోడకు మూతి ఆనించి చూపించేది. ఎవరో చిన్నపిల్ల బిస్కెట్ విసిరితే చూసి, తల తిప్పుకుంది. డ్యూటీలో ఉన్నప్పుడు ఫోన్ చూసుకునే మా వాళ్లకు దాన్ని ఆదర్శంగా చూపించారు మేనేజర్. బెల్ డెస్క్ దగ్గర మలయాళీ కుర్రాడు ఒకడు, "దానికి ఫోన్ ఇచ్చి చూడమనండి" అని గొణిగాడు.

మూడో రోజు అసలు పరీక్ష వచ్చింది. ఆమెకు ఎనిమిదేళ్ల మనవరాలు. ఆ పాపకు ఆమె మాటిచ్చారట, ఊళ్లో ఉన్న ఇండోర్ పార్కులో రోలర్ కోస్టర్ ఇద్దరం కలిసి ఎక్కుదామని. కూతురు ఆ స్థితిలో రాలేదు. అల్లుడికి సెలవు లేదు. కాబట్టి హోటల్ తరఫున ఇన్‌చార్జి హోదాలో నేను వెళ్లాను.

పార్కు గేటు దగ్గర టికెట్లు చూసే యువకుడి చేతిలో టాబ్లెట్ ఉంది. దానిలో పెద్దలు, పిల్లలు, ప్రత్యేక అవసరాల అతిథులు అని మూడు గడులు. కుక్కకు గడి లేదు. గడి లేకపోతే గేటు తెరుచుకోదట. అతను సూపర్‌వైజర్‌ను పిలిచాడు. సూపర్‌వైజర్ తన పై అధికారిని పిలిచాడు. ముగ్గురూ టాబ్లెట్ చుట్టూ తలలు పెట్టి, పావుగంట తర్వాత సంతోషంగా తల పైకెత్తారు.

"అయిపోయింది మేడమ్. ప్రత్యేక అవసరాల కింద వీల్‌చైర్ అని నమోదు చేశాం."

"నాకు వీల్‌చైర్ వద్దు, నడవగలను" అన్నారామె.

"మీకు కాదు మేడమ్. కుక్కను వీల్‌చైర్ అని."

ఆమె పెద్దగా నవ్వారు. ఆ నవ్వుకు గేటు తెరుచుకుంది. అయితే లోపల ప్రతి మలుపులోనూ ఆ నమోదు మా వెంట వచ్చింది. వీల్‌చైర్ ఉన్నవాళ్లు మెట్లెక్కకూడదన్నారు, లిఫ్ట్‌లో తీసుకెళ్లారు. ఆమె మెట్లెక్కగలరు, కుక్క ఆమెకంటే వేగంగా ఎక్కగలదు, అయినా లిఫ్ట్. రైడ్ దగ్గర వీల్‌చైర్‌కు ట్యాగ్ కట్టి పక్కన పెట్టాలన్నారు. నేను రోజంతా పెట్టెలకు కట్టేలాంటి ట్యాగే, కుక్క మెడపట్టీకి కట్టారు. నంబరున్న సగం ముక్క చించి నా చేతిలో పెట్టారు.

ఇంతలో పార్కువాళ్ల ఎలుగుబంటి వచ్చింది. పిల్లలతో ఫొటోలు దిగడానికి బొచ్చు తొడుగు వేసుకుని మనుషులు తిరుగుతారే, ఆ ఎలుగుబంటి. పాప వైపు చేతులూపుకుంటూ వస్తూ, కుక్కను చూసి ఠక్కున ఆగిపోయింది. కుక్క చలించలేదు. ఎలుగుబంటి రెండడుగులు వెనక్కి వేసింది. నేను అవతల నిలబడ్డ సెక్యూరిటీ అతనితో హిందీలో ఏదో మాట్లాడుతుంటే, నా యాస పట్టేసినట్టుంది, ఎలుగుబంటి తలలోంచి సన్నగా తెలుగు వినిపించింది.

"అన్నా, మనోళ్లేనా? అది కరుస్తాదా?"

కడప యాస. నాకు నవ్వు ఆగలేదు.

"కరవదు తమ్మీ. డ్యూటీల ఉన్నది."

"మేమూ డ్యూటీలోనే ఉండాం గానీ, దానికి తెలుసునా?"

పాపతో ఫొటో దిగి, కుక్కకు బాగా దూరంగా జరుగుతూ వెళ్లిపోయింది ఎలుగుబంటి.

రోలర్ కోస్టర్ ఎక్కే ముందు ఆమె కుక్క వీపు మీది పట్టీలు విప్పారు, మెడకున్న తాడు మాత్రం నాకిచ్చారు. "ఇప్పుడు దానికి సెలవు" అన్నారు. మనవరాలి మోచెయ్యి పట్టుకుని వెళ్లి కూర్చున్నారు. బండి కదిలింది.

అంతవరకూ రాయిలా ఉన్న కుక్క మారిపోయింది. బండి పైన తలకిందులుగా తిరుగుతోంది. ముప్ఫై గొంతులు ఒక్కసారి కేకలు పెడుతున్నాయి. నాకు అన్నీ ఒక్కటిగా వినిపించాయి. కుక్కకు అందులో ఒకటి మాత్రమే వినిపిస్తోంది కాబోలు, ఆమె కేక ఎటు నుంచి వస్తే అటు చెవులు తిప్పుతూ, లేచి నిలబడి, సన్నగా మూలగడం మొదలుపెట్టింది. దాని ఒళ్లు వణకడం తాడు లోంచి నా చేతికి తెలిసింది. ఆమెను ఏ గోతిలోనూ పడనివ్వకుండా, ఏ కారుకిందా పోనివ్వకుండా చూడటమే దాని బతుకు. ఇప్పుడు ఆమె ఆకాశంలో తలకిందులుగా అరుస్తోంది. తను కింద, మెడలో నంబరు కట్టుకుని, కొత్తవాడి చేతిలో.

తాకకూడదన్న నియమం సెలవులోనూ ఉంటుందో లేదో నేను అడగలేదు. అయినా నేల మీద కూర్చుని దాని మెడ నిమిరాను. "ఏం గాదు, వస్తది. మనం ఈడనే ఉందాం" అని తెలుగులో చెప్పాను. అది గడ్డం తెచ్చి నా బూటు మీద పెట్టింది. ఆ రెండు నిమిషాలు నాకు నిజంగానే కుక్కల గురించి తెలిసినట్టు అనిపించింది. అవతల జనం నన్ను ఫొటో తీసుకుంటున్నారు. యూనిఫాంలో నేల మీద కూర్చున్న బెల్ బాయ్, బూట్లు వేసుకున్న కుక్క. దృశ్యం వాళ్లకు నచ్చి ఉంటుంది.

ఆమె దిగివచ్చారు. జుట్టంతా నిక్కబొడుచుకుంది, మొహం పాపకంటే వెలిగిపోతోంది.

"ఏడ్చిందా?"

"లేదు మేడమ్."

"నువ్వు నిమిరావా?"

"లేదు మేడమ్."

ఆమె ఇంకా వణుకు తగ్గని కుక్క మెడ తడిమి, "దీనికి అబద్ధం చెప్పడం చేతకాదు, నీకు చేతనవును" అన్నారు. కోప్పడలేదు. నా చెయ్యి వెతికి పట్టుకుని ఒక్కసారి నొక్కి వదిలేశారు.

హోటల్‌కు తిరిగొచ్చాక ఇంకొకటి జరిగింది. మేం స్టాఫ్ అందరం వెనకవైపు, చెత్తబండ్లు ఆగే చోటున్న తలుపులోంచి లోపలికి పోవాలి. చేతిలో అతిథి సామాను ఉంటేనే ముందు తలుపు. ఆ రోజు నా చేతిలో ఏ సామానూ లేదు. పాపను తండ్రి వచ్చి తీసుకెళ్లాడు. నేను వెనక్కి తిరగబోతుంటే, ఎక్కడికని ఆమె అడిగారు. చెప్పాను.

"అంటే సర్వీస్ కుక్క ముందు తలుపులోంచి, సర్వీస్ మనిషి వెనక తలుపులోంచా?"

ఆమె కుక్కతో ఒక మాటన్నారు. కుక్క తిన్నగా అద్దాల తలుపు వైపు నడిచింది. ఆమె ఇంకో చెయ్యి నా మోచేతిలో ఉంది. ఖాళీ చేతులతో ఆ తలుపులోంచి లోపలికి పోవడం పదకొండేళ్లలో నాకదే మొదటిసారి. లాబీలో ఉన్న మేనేజర్ ఆమెకు నమస్కరించి, నా వైపు చూశారు. ఆ చూపుకు అర్థం సాయంత్రం ఆఫీసులో చెప్పారు. కుక్కకు ఉన్న మినహాయింపు దాని ఇన్‌చార్జికి వర్తించదట.

ఆమె వెళ్లిపోయాక హోటల్‌ను మెచ్చుకుంటూ పెద్ద ఉత్తరం రాశారు. దాంతో పైవాళ్లకు ఉత్సాహం పుట్టి, సర్వీస్ కుక్కలున్న అతిథులను ఎలా ఆహ్వానించాలో పన్నెండు పేజీల నియమావళి తయారు చేశారు, శిక్షణ పెట్టారు. శిక్షణకు కుక్క దొరకలేదు. అనుభవమున్నవాడివి కదా అని నన్నే కుక్కగా నిలబెట్టారు. చాచాకు నల్ల కళ్లజోడు పెట్టి అంధ అతిథిని చేశారు. చాచా నా నడుం బెల్టు పట్టుకుని లాబీ అంతా తిరుగుతూ, "జర మెల్లగ నడువ్ రా భాయ్, నీకు కండ్లున్నయి గాని నాకు మోకాళ్లు లేవు" అని నవ్వు ఆపుకోలేకపోయారు. చివర్లో అందరికీ సర్టిఫికెట్లు ఇచ్చారు.

ఆ నియమావళి మొదట ఉపయోగపడింది ఒక ధనవంతుడి బొచ్చుకుక్కకు. ఆన్‌లైన్‌లో కొన్న ఎర్ర కోటు మీద సర్వీస్ అని రాసి ఉంది. అది చేసే సర్వీస్ ఏమిటని అడగబోయిన రిసెప్షన్ అమ్మాయిని మేనేజరే ఆపారు. పన్నెండు పేజీలూ అక్షరం తప్పకుండా అమలు చేశాం. అది లాబీ తివాచీ మీద ఒంటేలు పోసి, మేనేజర్ ప్యాంటు అంచు కొరికి, నాలుగు రోజులు సుఖంగా ఉండి వెళ్లింది. కొరికిన విషయం ఫిర్యాదుగా రాయాలా, సూచనగా రాయాలా అని నియమావళిలో లేదు.

చలికాలంలో మా బాంకెట్ హాలును తెలుగువాళ్ల సంఘం ఒకటి సాంస్కృతిక కార్యక్రమానికి తీసుకుంది. పాడటానికి సిద్దిపేట వైపు నుంచి ఒక జానపద గాయకుడిని పిలిపించారు. పుట్టుగుడ్డి. సాయంత్రం భార్య చెయ్యి పట్టుకుని ముందు తలుపు దగ్గర కారు దిగారు. ఆమె భుజాన గుడ్డలో చుట్టిన డప్పు. తలుపు దగ్గర కెన్యా గార్డు మంచివాడు, శిక్షణలో మొదటి ర్యాంకు తెచ్చుకున్నవాడు. నియమావళి మొదటి పేజీ అతనికి కంఠతా వచ్చు.

"వెల్‌కమ్ సర్. మీ కుక్క ఎక్కడుంది?"

ఆయన అర్థం కాక భార్య వైపు మొహం తిప్పారు. సామాను కోసం నేను అక్కడే నిలబడి ఉన్నాను. నేను తెలుగులో చెప్పాను.

"కుక్క ఎందుకు బిడ్డా? నా పెండ్లామున్నది గదా" అన్నారాయన. "ఏమంటున్నడు, ఆమెకు కూడా సర్టిఫికెట్ గావాల్నంటనా?"

ఆమె డప్పు భుజం మార్చుకుంటూ, "ముప్పై ఏండ్ల సంది తోల్కపోతున్న. ఎవలిస్తరు నాకు సర్టిఫికెట్? ఇస్తనంటే తీస్కుంట" అంది.

మేనేజర్ వచ్చారు. చేతిలో ఫారం. అంధ అతిథి, కుక్క ఉన్నచో ముందు తలుపు. కుక్క లేని గాయకుడు కాబట్టి, కార్యక్రమం చేసేవాళ్లు పోయే దారిన, అంటే వెనక తలుపున రమ్మనమన్నారు. అక్కడ నాలుగు మెట్లున్నాయి, చెత్త డబ్బాలున్నాయి, ట్రాలీలు వచ్చిపోతుంటాయి.

నేను పెద్ద ధైర్యవంతుడిని కాను. కానీ ఆ రోజు ఆమె భుజం మీది డప్పు తీసుకుని నా భుజాన వేసుకున్నాను. "అతిథి సామాను నా చేతిలో ఉంది సర్. ముందు తలుపే కదా" అన్నాను ఇంగ్లీషులో. మేనేజర్ జవాబు వెతుక్కునేలోపు ముగ్గురం లోపలికొచ్చేశాం. మర్నాడు నాకు హెచ్చరిక ఉత్తరం ఇచ్చారు. శునకము లేని వ్యక్తిని నిబంధనలకు విరుద్ధముగా ప్రవేశపెట్టినందుకు, అన్న భావం వచ్చేలా ఇంగ్లీషులో రాశారు. చాచా దాన్ని రెండుసార్లు చదివించుకుని, కళ్లు తుడుచుకునేదాకా నవ్వారు.

వాళ్లు వచ్చిన సాయంత్రం పాట మాత్రం బాగా జరిగింది. తలుపు సందులోంచి విన్నాను. చప్పట్లు చాలాసేపు ఆగలేదు. అయ్యాక కారు రావడం కొంచెం ఆలస్యమైంది. లాబీలో బంగారు రంగు సోఫాలున్నాయి.

"ఈటి మీద కూసుంటే ఏమన్న అంటరా తమ్మీ?" అని అడిగింది ఆమె.

"అనరు, కూసో అక్కా" అన్నాను. అంటారో లేదో నాకే తెలియదు.

కూర్చున్నారు. చుట్టూ ఏముందో చెప్పమని ఆయన అడిగారు. ఆమె నెమ్మదిగా చెప్పుకొచ్చింది. పైన దీపాల గుత్తి, మన ఇల్లంత ఉంటదయ్యా. నేల అద్దమే, నా మొకం నాకు కనవడుతున్నది. పూలున్నయి, నిజమైనయో కావో తెల్వదు.

"మనుషులెట్లున్నరు?"

ఆమె ఒకసారి లాబీ అంతా చూసింది. రిసెప్షన్ దగ్గర మేనేజర్, సూట్లలో అతిథులు, అందరి కళ్లూ ఆ సోఫా మీదే ఉన్నాయి.

"మనదిక్కే చూస్తున్నరు."

"మంచిగున్నరా?"

"బట్టలైతే మంచిగున్నయి" అంది ఆమె.